సముద్రానికీ కార్తెలున్నాయి

మాఘమాసం వెళ్లి ఎండ ముదరడం మొదలుకాగానే మన పత్రికల జిల్లా పుటల్లోనూ, వార్తావాహినుల్లోనూ ఒక వార్త ఏటేటా అదే వేషంతో ప్రత్యక్షమవుతుంది. తీరానికి వింత జీవులు కొట్టుకువచ్చాయనీ, పర్యాటకులు భయభ్రాంతులవుతున్నారనీ, సముద్రగర్భంలో ఏదో జరుగుతోందనీ దాని సారాంశం. ఊరిపేరు మాత్రం మారుతుంది. ఒక ఏడు భీమిలి, ఒక ఏడు కాకినాడ, ఇంకొక ఏడు సూర్యలంక. పక్కన ఒక ఛాయాచిత్రం: తడి ఇసుకమీద గాజుగిన్నె బోర్లించినట్లు ఒక జిగురుముద్ద, దాని చుట్టూ పదిమంది చేతిఫోనులు. చివరి వాక్యంలో పేరు లేని ఒక నిపుణుడు భూతాపమే ఇందుకు కారణమని సెలవిస్తాడు. మరునాటికి ఆ వార్త చచ్చిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ వింతగానే పుడుతుంది.

ఏటా వచ్చేది వింత ఎట్లా అవుతుందన్నది నా మొదటి ప్రశ్న. ఏటా వచ్చేదానిని ఏటా వింతగానే చూడగలిగిన మన మతిమరుపు ఎంత లోతైనదన్నది రెండవది. మొదటిదానికి జవాబు సముద్రశాస్త్రంలో దొరుకుతుంది. రెండవదానికి మనలోనే వెదుక్కోవాలి. ఈ టపా ముఖ్యంగా ఆ రెండవదాని కోసం.

నేను వ్రాస్తున్నది చేవెళ్ల నుంచి. సముద్రం మాకు మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. మా ప్రాంతపు రైతుకు కాలమంటే కార్తె. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిరలో నేల చల్లబడుతుంది, ఆర్ద్రలో ఆరుద్ర పురుగు వస్తుంది. తొలకరి పడిన కొద్దిరోజులకు ఎర్రని మఖమలు గుడ్డముక్కకు ప్రాణం వచ్చినట్లు ఆ పురుగు చేలగట్లమీద పాకుతూ కనిపిస్తే మా ఊళ్లో ఎవరూ కలకలం రేగిందనరు. పిల్లలు అరచేతిలో వేసుకుని మురుస్తారు, పెద్దలు విత్తనాల సంగతి ఆలోచిస్తారు. తక్కిన పదకొండు నెలలు అది ఎక్కడున్నది, ఏమి తిని బ్రతికినది అన్న శాస్త్రం వారికి తెలియకపోవచ్చు. వచ్చే వేళ తెలుసు. ఆ వేళ తెలుసు గనుకనే మా వాళ్లు మరొక సంగతిని కూడా పసిగట్టారు: మొయినాబాదు వైపు చేలు ప్లాట్లై, ప్లాట్ల చుట్టూ ప్రహరీలు లేచినచోట ఆ పురుగు రావడం మానుకున్నది. రావలసిన వేళ తెలిసినవాడికే రాకపోవడం కనిపిస్తుంది. సముద్రం విషయంలో తెలుగువాళ్లం పోగొట్టుకున్నది సరిగ్గా ఈ తెలివినే.

సముద్రం ఏమి చేస్తున్నదో ముందు చెప్పుకుందాం. మన కోస్తాను ఆనుకుని పారే తీరప్రవాహం ఏడాదికి రెండుమార్లు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే చెన్నపట్టణం వైపు నుంచి విశాఖ వైపుకు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ గాని, జపాను పక్కనుంచి పోయే కురోషియో గాని ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు పారతాయి. ఋతుపవనాల మాట విని వెనక్కు తిరిగే ప్రవాహాలు మన ఉత్తర హిందూ మహాసముద్రపు సొత్తు. వసంతంలో దక్షిణం నుంచి వచ్చే నీరు ఉప్పు హెచ్చుగా ఉన్నది, కిలో నీటికి 34 గ్రాముల చేరువ. శరత్తులో ఉత్తరం నుంచి దిగేది గంగా బ్రహ్మపుత్రలూ మహానదీ కుమ్మరించిన వాననీటితో పలచబడినది. ఒకే తీరం, ఒకే ఇసుక. కాని చైత్రంలో అక్కడ కాలు తడుపుకున్నవాడు తడిసినది ఒక నీటిలో, కార్తికంలో తడిసినది మరొక నీటిలో.

అదొక్కటే కాదు. మార్చి నుంచి మే దాకా నైరుతి గాలి ఇంచుమించు తీరం పొడవునా వీస్తుంది. భూమి తిరుగుతున్న కారణంగా, ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీరు గాలికి కుడివైపుకు ఒరుగుతుంది. మన తూర్పుతీరానికి ఆ కుడివైపు నడిసముద్రం. కాగి ఆరిన పాలమీద మీగడను గరిటెతో ఒక పక్కకు నెడితే కిందిపాలు తేలినట్లు, పైనీరు అటు జరిగినచోట అడుగునున్న చల్లని, ఉప్పని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. దానికి వేసవి ఎండ తోడైతే కంటికి ఆనని వృక్షప్లవకాలు విరగపండుతాయి. వాటిని మేయడానికి కోపిపాడ్లనే నూగుగింజంత జంతుప్లవకాలు పుడతాయి. ఆ రెంటినీ తినడానికి మన జిగురుజీవులు వస్తాయి. శరత్తులో గాలి మళ్లి పైనీరు తీరానికి నెట్టుకువచ్చినప్పుడు ఈ ప్రక్రియ అంతా తలకిందులై నీరు కుంగుతుంది. కార్తెల లెక్కన చెప్పమంటే, పూర్వాభాద్ర నుంచి కృత్తిక దాకా ఉబుకు. చిత్త, స్వాతి, విశాఖలలో కుంగు. విశాఖ తీరపు మలుపు విశాఖ కార్తెలో పడటం కాకతాళీయమే అయినా గుర్తుంచుకోవడానికి సదుపాయం.

జిగురుజీవులు అన్నాను. పత్రికలవారు ‘జెల్లీచేప’ అంటారు. చేప కాదు, జెల్లీ అంతకన్నా కాదు. ఇంగ్లీషువాడు తన అజ్ఞానం కొద్దీ పెట్టుకున్న పేరును సగం అనువదించి సగం వదిలేసిన మాట అది. పైగా ఆ ఒక్క గంపలో వేసిన జీవులు ఒక వంశానివి కూడా కావు. గొడుగులా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఈదే మెడూసాలు వేరు. ఎనిమిది వరుసల దువ్వెనపళ్లు అల్లల్లాడిస్తూ ఇంద్రధనుస్సు మెరుపులతో కదిలే టీనోఫోర్లు వేరు, వాటికి కుట్టే కణాలే ఉండవు. నీలి తిత్తిని తెరచాపగా ఎత్తుకుని గాలివాటున ఒడ్డెక్కే ఫైసేలియా, అంటే పిల్లలు బుడగనుకుని పట్టుకుని ఒళ్లు కాల్చుకునేది, ఒక జంతువు కానే కాదు. తిండి ఒకరిది, కాపలా ఒకరిది, తేలడం ఒకరిది అన్నట్లు పనులు పంచుకున్న ప్రాణుల ఉమ్మడి కుటుంబం. సాల్పుల సంగతి మరీ చిత్రం. రెండువైపులా తెరచిన గాజుపీపాల్లా ఉండే ఈ జీవులు చుట్టరికంలో మెడూసాలకంటె మనకే దగ్గర. అవి జోడు అక్కరలేకుండానే మొగ్గలు తొడిగి గొలుసులు గొలుసులుగా పెరగగలవు. మేత దొరికితే కొద్దిరోజుల్లో నీటిని నింపివేస్తాయి, మేత తరిగితే అంత త్వరగానూ మాయమవుతాయి. వీటన్నిటికీ కలిపి ఒక తెలుగుమాట కావాలి. ‘జిగురుజీవి’ నా తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. మన బ్లాగర్లలో పదనిర్మాణ దక్షులకు కొదవలేదు గాని, ఈ ఒక్కసారి వారు నిఘంటువు తెరవకుండా ఒడ్డుకు వెళ్లవలసిందని నా మనవి. ఈ జీవులు వలలో పడి చేతులు మండిన వాడబలిజలు, జాలరులు, పల్లెకారులు తరతరాలుగా వీటిని ఏదో ఒకటి అని పిలుస్తూనే ఉన్నారు. రేవు రేవుకూ ఆ మాట మారుతుంది. వారి నోటిలోని మాటను అడగకుండా సంస్కృతం నుంచి కొత్తమాట దింపడం కూడా ఒక రకమైన దిగుమతే.

తెలుగు మాధ్యమంలో జంతుశాస్త్రం చదివినవాళ్లంతా ఒబీలియా బొమ్మ గీసి భాగాలు గుర్తించినవాళ్లే. ఒక తరం పాలిప్, ఒక తరం మెడూసా. మార్కులు పడ్డాయి. ఆ బొమ్మకు అర్థమేమిటో మనకెవరూ చెప్పలేదు. మెడూసా అనేది కథలో సగం. మిగతా సగం అడుగున రాతికో, ఆల్చిప్పకో, రేవు స్తంభానికో అంటుకుని, కొన్ని మిల్లీమీటర్ల పొడుగున, నెలల తరబడి, కొన్ని జాతులలో ఏళ్ల తరబడి, ఎవరి కంటా పడకుండా బ్రతుకుతుంది. నీటి వేడిమీ, ఉప్పదనమూ, మేతా కలిసివచ్చిన ఋతువులో ఒబీలియా వంటివాటిలో మొగ్గలుగానూ, పెద్ద మెడూసాలలో పళ్లేల దొంతరలో నుంచి ఒక్కొక్క పళ్లెం జారినట్లుగానూ పసిజీవులు విడివడతాయి. ఒక్క పాలిప్ నుంచి పది, పదిహేను. ఇట్లాంటివి లక్షలున్నచోట గుంపు హఠాత్తుగా ఊడిపడినట్లే ఉంటుంది. ఊడిపడలేదు, అక్కడే ఉన్నది, విత్తనం నేలలో ఉన్నట్లు. ఆ బొమ్మ భీమిలి నీళ్లలో ఏ నెలలో ప్రాణంతో తేలుతుందని అడిగిన ప్రశ్నపత్రాన్ని నేనింతవరకూ చూడలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే ఈనాడు విలేకరులైన ఆ విద్యార్థులు వింత జీవి అని వ్రాసి ఉండేవారు కారు.

ఇది ఎవరో పరాయివాళ్లు వచ్చి చెప్పవలసిన సంగతి కాదు. మన వాల్తేరులో డెబ్బై ఏళ్లకు ముందే మొదలైన చదువు. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆచార్యుడుగా వచ్చాడు. నౌకాదళపు ఓడలమీద వెళ్లి మన కుర్రవాళ్లు నీటి వేడిమి, ఉప్పు కొలిచారు. తూర్పుతీరంలో నీరు ఉబకడం, కుంగడం గూర్చిన లాఫాండ్ వ్యాసం 1954లో విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర సంపుటంలోనే వెలువడింది. అదే కాలంలో జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు లాసన్స్ బే నుంచి పలచని వలలతో ప్లవకాలను తెచ్చి నెలనెలా లెక్కపెట్టారు. 1958లో గణపతి, భావనారాయణ ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. సాల్పుల వంటి జీవులను చూసి వాల్తేరు తీరంలో నీరు ఎటు కదులుతున్నదో చెప్పవచ్చునన్నది దాని విషయం. ఆ ఊహలోని అందం చూడండి. ఏ జాతి ఏ నీటితో కలిసి వస్తుందో తెలిస్తే ఒడ్డున పడిన జిగురుముద్ద ఒక ఉత్తరం అవుతుంది, ఏ ఊరి ముద్రతో వచ్చిందో చదువుకోవచ్చు. మన వార్తాహరులు ఆ ఉత్తరాన్ని చించి, కాగితం వింతగా ఉన్నదని బొమ్మ తీస్తున్నారు.

ఇంకా వెనక్కు వెళ్తే, మద్రాసు తీరపు మెడూసాలను ఎం. కృష్ణ మేనోన్ 1930, 1932 సంవత్సరాలలో వర్ణించాడు. జూలాజికల్ సర్వేలో పనిచేసిన హెచ్. శ్రీనివాసరావు 1931లో క్రాంబియొనెల్లా అన్నండేలీ అనే జాతికి పేరు పెట్టాడు. దాని మాట మళ్లీ వస్తుంది. బంగాళాఖాతం అడుగున మన తీరానికి ఎదురుగా ఉన్న మూడు లోయలకు ‘ఆంధ్ర’, ‘కృష్ణ’, ‘మహాదేవన్’ అని లాఫాండ్ 1964లో పేర్లు ప్రకటించాడు. ఆ మహాదేవన్ వాల్తేరులో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. సముద్రం అడుగున మన పేరున్నది. ఒడ్డున ఉన్న మనకు ఆ సంగతి తెలియదు.

ఎందుకు తెలియదు? ఇక్కడ నా ఫిర్యాదు విలేకరులమీద కాదు, మనమీద. ఆ కొలతలన్నీ ఇంగ్లీషులో పుట్టి ఇంగ్లీషులోనే బీరువాలకెక్కాయి. వాటి సారాన్ని పామరుడి చేతిలో పెట్టే చిన్న పుస్తకం తెలుగులో రాలేదు. రావాలని సాహిత్యలోకం అడగనూ లేదు. మన కవులకు సముద్రం ఘోషిస్తుంది, ఉప్పొంగుతుంది, కన్నీళ్లతో పోటీపడుతుంది. చాలావరకు ఒడ్డున నిలబడి చూసిన సముద్రం అది. ఏ నెలలో ఏ రంగో, ఏ గాలికి ఏ వాసనో పద్యానికి గాని వచనకవితకు గాని అక్కరలేకపోయింది. మామిడి ఏ నెలలో పూస్తుందో తప్పు వ్రాసిన కవిని మనం క్షమించం. సముద్రంలో ఆషాఢాన్ని మాఘంలో పెట్టినా మనకు పట్టదు. భాషాభిమానమంటే పాత పద్యాల ఛందస్సు కాపాడటం మాత్రమే అనుకునే మిత్రులకు ఇది కటువుగా ఉండవచ్చు. తన తీరంలో ఏటా జరిగే పనికి వాక్యం లేని భాష ఛందస్సుతో ఎంతకాలం నెట్టుకువస్తుంది?

భూతాపం మాట తీసి పారేస్తున్నానని కొందరు అనవచ్చు. తీసి పారేయడం లేదు. దానిని నిజంగా అడిగే పద్ధతి వేరని అంటున్నాను. జిగురుజీవులు లోకమంతటా పెరుగుతున్నాయా అన్నదానిపై శాస్త్రజ్ఞులే తగవుపడ్డారు. 2012లో బ్రాట్జ్, ఆయన సహచరులు 45 పెద్ద సముద్రప్రాంతాలను పరిశీలించి 28 చోట్ల పెరుగుదల ఉన్నదనీ, మూడు చోట్ల తరుగుదల ఉన్నదనీ తేల్చారు. మరుసటి ఏడాదే కాండన్ బృందం సుదీర్ఘకాలపు లెక్కలను కూడదీసి, ఇంచుమించు ఇరవై ఏళ్లకొక పొంగూ ఒక తగ్గూ కనబడుతున్నవనీ, పొంగులో నిలబడి చూసినవాడికి అది శాశ్వతమైన పెరుగుదలలా తోస్తుందనీ వాదించింది. రెండు పక్షాలవారూ ఒప్పుకున్నది ఒకటే: చాలా తీరాలకు లెక్కలే లేవు. మన వార్తలోని నిపుణుడికి మాత్రం ఈ తగవు ఎన్నడో తీరిపోయింది. ఆయనకు ఎదురుగా మరొక జాతి తయారైంది. ఎప్పుడూ ఉండేవే, ఏమీ మారలేదు, భూతాపమంతా బూటకం అనేవారు. వీరిద్దరూ ఒకే తాను ముక్కలని నా అభిప్రాయం. ఏ ఏడు ఎన్ని వచ్చాయో ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు. ఋతువును పక్కన పెట్టకుండా మార్పు కనబడదు; ఋతువు తెలియకుండా దానిని పక్కన పెట్టలేము.

లెక్క ఉండటం వల్ల ఒరిగేదేమిటో నల్ల సముద్రం చూపింది. అమెరికా తీరపు నిమియాప్సిస్ అనే టీనోఫోరు ఓడల అడుగున బరువుకోసం నింపుకునే నీటిలో చేరి 1980ల తొలినాళ్లలో అక్కడకు పోయింది. 1989 నాటికి నీరంతా తానే అయి కూర్చున్నది. నెత్తళ్ల వేట కుప్పకూలింది. 1997లో దానిని తిని బ్రతికే బెరోయీ అనే మరొక టీనోఫోరు ప్రవేశించాక గాని అది అణగలేదు. ఈ కథ ఇంత వివరంగా చెప్పగలగడానికి కారణం ఆ సముద్రపు ఒడ్డు దేశాలవారు దశాబ్దాలుగా ప్లవకాలను తూచి వ్రాసిపెట్టుకోవడమే. మన విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులలో ఓడలు అటువంటి నీరే మోసుకువస్తాయి. ఇసుకా బురదా తప్ప గట్టి ఆధారం కరవైన మన తీరంలో రేవుగోడలు, స్తంభాలు పాలిప్‌లకు కొత్త ఇండ్ల వంటివి. రేపు కొత్త జాతి ఏదైనా కాపురం పెడితే దానికీ పాతవాటికీ తేడా చెప్పేది ఎవరు? అన్నీ జెల్లీచేపలే కదా!

లెక్కపెట్టడం తేలిక అనడం లేదు. వలలో పడగానే చిట్లిపోయే శరీరాలివి. శరీరంలో నూటికి తొంభైఅయిదు పాళ్లు నీరే. చేపలనూ రొయ్యలనూ భద్రపరిచే ఫార్మలిన్‌లో టీనోఫోర్లు కొన్ని కరిగి మాయమవుతాయి. సీసా మీద చీటీ మాత్రం మిగులుతుంది. ఉపగ్రహానికి వృక్షప్లవకాల పచ్చదనం కనబడుతుంది గాని గాజువంటి ఈ జీవులు కనబడవు. అందువల్లనే ఒడ్డున నడిచే మనిషి కన్నూ, వల లాగే మనిషి చెయ్యీ ఈ శాస్త్రంలో ఈనాటికీ పనిముట్లు. అందువల్లనే భాష ఇక్కడ అలంకారం కాదు, ఆ కంటికీ ఆ చేతికీ పనికివచ్చే సాధనం.

ఇందులో కూడు సంగతి కూడా ఉన్నది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అశ్వినిలో మొదలై మృగశిరలో ముగుస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం, మంచిదే. కాని ఉబుకు ముమ్మరంగా ఉండే వేళ కూడా అదే. ఆ రెండు నెలలు పెద్దవలలు ఒడ్డున ఉంటాయి గనుక, వలలో ఏమి పడ్డదన్న లెక్కమీదనే ఆధారపడిన మన గణాంకాలకు జిగురుజీవుల కాలం ఒక గుడ్డిచోటు. చిన్న తెప్పలవారు చూస్తూనే ఉంటారు. వారిని అడిగేవారు లేరు. శ్రీనివాసరావు పేరుపెట్టిన ఆ క్రాంబియొనెల్లాకు ఇటీవలి ఏళ్లలో ఆంధ్రతీరంలో గిరాకీ వచ్చింది. ఉప్పూ పటికా పట్టించి ఆరబెట్టి తూర్పు ఆసియా దేశాలకు పంపుతారు. కేంద్ర సముద్ర మత్స్యపరిశోధన సంస్థవారు ఈ కొత్త వేటమీద 2020లో పరిశోధనవ్యాసం ప్రకటించారు. అంటే వింతజీవి అని ఒక పుటలో భయపెట్టిన ప్రాణి మరొక పుటలో సరుకు. ఋతువు తెలిసిన వ్యాపారి ముందే వచ్చి బేరం కుదుర్చుకుంటాడు. ఋతువు వ్రాసిపెట్టుకోని ఊరు అతడు చెప్పిన ధరకు అమ్ముతుంది. ఏడాదికెన్ని పట్టవచ్చు, ఏ నెలలో ఆపాలి అని అడగడానికి కూడా మొదట కావలసినది పాత ఏళ్ల లెక్కే.

విద్యుత్తువారికి ఈ తెలివి ఉన్నది, అవసరం అట్లాంటిది. 2025 ఆగస్టులో ఫ్రాన్సులోని గ్రావెలీన్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగు రియాక్టర్లు ఆగిపోయాయి. కారణం సముద్రపునీటిని తోడుకునే చోట జల్లెడలలో చిక్కిన మెడూసాలు. మన కల్పాక్కంలో అటువంటి చిక్కే పడి, నీటికాలువలో ఏ నెలలో ఎన్ని పడుతున్నవో శాస్త్రజ్ఞులు లెక్క తీసి ప్రకటించారు. సముద్రపునీటినే వాడుకునే సింహాద్రి విద్యుత్కేంద్రం విశాఖ పక్కనే ఉన్నది. యంత్రం ఆగితే నెలవారీ లెక్క పుడుతుంది. పిల్లవాడి చెయ్యి మండితే, జాలరి వల చిరిగితే పుట్టదు.

చేవెళ్లవాడికి సముద్రంతో ఏమి పని అని ఇప్పటికి ఒకరిద్దరైనా అనుకుని ఉంటారు. మా ఈసీ, పక్కన మూసీ పారి నిండే హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ 1927, 1920 సంవత్సరాలలో కట్టి ముగించినవి. గేట్లెత్తిన ఏడు మా చేల మన్నూ, చల్లిన ఎరువూ ఆ నీటితో దిగి, నగరపు మురుగును కలుపుకుని, వాడపల్లి దగ్గర కృష్ణలో పడి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మేత ఎక్కడినుంచి వస్తుందని అడిగే శాస్త్రంలో మా గట్టుకూ ఒక పాత్ర ఉన్నది. అదే కృష్ణ తలదాపున, సతారా జిల్లాలో వెణ్ణా, కోయనా వాగుల ఎండాకాలపు మడుగులలో, 1911 ప్రాంతంలో శంకర పురుషోత్తమ అగార్కర్ మంచినీటి మెడూసాలను కనిపెట్టాడు. ఆఫ్రికాలో తప్ప లేదనుకున్న ఆ ప్రజాతిలోని మన జాతికి లిమ్నోక్నిడా ఇండికా అని పేరుపెట్టినవాడు అన్నండేల్. పైన చెప్పిన క్రాంబియొనెల్లా జాతి పేరులో నిలిచినదీ ఆయనే. కాబట్టి నదీ మొదటిలోనూ జిగురుజీవే, తుదిలోనూ జిగురుజీవే. నడుమ మేము. పోనీ అదీ చాలదంటే, దేశపు సముద్రమంతటికీ నాడి పట్టే జాతీయ సముద్ర సమాచార కేంద్రం 1999 నుంచి ఉన్నది హైదరాబాదులోనే. సునామీ హెచ్చరికా అక్కడినుంచే, చేపలు దొరికే చోట్ల సూచనలు తెలుగులో వెలువడేదీ అక్కడినుంచే. ఆ భవనం మా చేవెళ్లకు గంటన్నర దూరం. సముద్రం కనబడని ఊళ్లో కూర్చుని సముద్రం గూర్చి పనికివచ్చే మాట తెలుగులో చెప్పవచ్చునని వారే రుజువు చేశారు.

అందుచేత తీరపు ఊళ్లలో ఉన్న బ్లాగ్మిత్రులను నేను అడుగుతున్నది కవిత కాదు, వ్యాసం కాదు. వారానికొకసారి ఒడ్డున అరమైలు నడవండి. తేదీ, రేవు పేరు, గాలి ఏ దిక్కునుంచి, ఒడ్డున పడినవి ఎన్ని, రంగు, జానెడా బెత్తెడా, నీరు చల్లగా ఉన్నదా వెచ్చగా ఉన్నదా, పక్కన వల దులుపుకుంటున్నవారు దానిని ఏమని పిలిచారు. ఏమీ పడకపోతే ఏమీ పడలేదనే వ్రాయండి, ఆ సున్నా కూడా కావాలి. చేత్తో తాకవద్దు, ఒడ్డున చచ్చి ఎండినదైనా కుడుతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా పదిమంది దొరికినా చాలు. వచ్చినదంతా కార్తెలవారీగా పట్టికకు ఎక్కించే పని నాది. పూర్వాభాద్ర మార్చి మొదటివారంలో ప్రవేశిస్తుంది.